మన ఎండకు, మన కరెంటుకు తట్టుకునే కంప్యూటర్‌ను ఇంట్లోనే బిగించుకోవడం ఎలా

కావలిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చెడిపోయిందని నా దగ్గరికి తెచ్చిన కంప్యూటర్లు చాలానే విప్పాను. వాటిలో ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే ముఖ్యమైన చిప్పు, కాలిపోయినది ఒక్కటి కూడా లేదు. పోయినవన్నీ ఎస్‌ఎంపీఎస్‌లు (గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు ఇచ్చే పెట్టెలు), మదర్‌బోర్డులు (భాగాలన్నీ కూర్చునే పెద్ద పలకలు), హార్డ్‌డిస్కులు. కరెంటు ఎక్కువ తక్కువలు, మే నెల వేడి, తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, దుమ్ము, ఈ నాలుగే వాటి ఉసురు తీశాయి. అయినా కొత్తగా కంప్యూటర్ బిగించుకుందామని వచ్చే ప్రతి పిల్లవాడూ ముందు అడిగేది ఒకటే: "ఏ ప్రాసెసర్ తీసుకోమంటారన్నా?"

నేను దీన్ని వెనక నుంచి మొదలుపెడతాను. ముందు గోడలో ఉన్న ప్లగ్గు, తర్వాత ఎస్‌ఎంపీఎస్, తర్వాత కేబినెట్‌లో గాలి ఆడే దారి. ప్రాసెసర్ సంగతి ఆ తర్వాత. ఈ వరస నాకు నష్టపోయాక తెలిసింది. నేను మొదటిసారి బిగించిన కంప్యూటర్‌కు కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే పెట్టాను. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన క్షణంలో లోపల టప్‌మని శబ్దం వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా తీసుకుపోయింది. బోర్డు మళ్ళీ కొనుక్కున్నాను. మా అమ్మాయి అన్నప్రాసన ఫోటోలు మాత్రం తిరిగి రాలేదు.

మొన్న ఉలవపాడులో మా అక్క కొడుకు బీటెక్‌కు కంప్యూటర్ కావాలంటే వాడి చేతే బిగింపించాను. ఆ కంప్యూటర్‌నే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచీ చెబుతాను.

ముందు గోడలో ప్లగ్గు చూడండి

కంప్యూటర్ కేబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే వేళ్ళకు సన్నగా జివ్వుమంటుందా? చాలా ఇళ్ళలో అలా ఉంటుంది, అలవాటైపోయి ఎవరూ పట్టించుకోరు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటును శుభ్రం చేసే ఫిల్టర్‌లో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి కరెంటును ఎర్త్ వైరులోకి పంపుతూ ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు పోవడానికి దారి లేక కేబినెట్ మీదే నిలుస్తుంది. జివ్వుమనడానికి అదే కారణం. ఎర్త్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా అది సగం పనే చేస్తుంది, ఎందుకంటే ఎక్కువైన వోల్టేజీని అది ఎర్త్‌లోకి కూడా మళ్ళించాల్సి ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఈ పని మీరే చేయబోకండి, గోడలో కరెంటుతో ఆటలొద్దు. ఎర్త్ గుంత ఉన్న ఇళ్ళలో కూడా వేసవిలో నేల ఎండిపోయి ఎర్త్ సరిగా పనిచేయదు. నాలుగు రోజులకోసారి ఆ గుంతలో బిందెడు నీళ్ళు పోయండి. గుంతే లేకపోతే బొగ్గు, ఉప్పు వేసి కొత్తగా తీయించండి. దానికయ్యే డబ్బు కంప్యూటర్ బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాసుకోండి.

మా అక్కవాళ్ళింట్లో మూడు పిన్నుల ప్లగ్గు ఉంది. విప్పి చూస్తే ఎర్త్ పిన్నుకు వైరే లేదు. కొత్త వైరు లాగించాకే సామాన్ల జాబితా రాయడం మొదలుపెట్టాం. వాడికి అప్పుడు విసుగొచ్చింది గానీ, నేను ఒప్పుకోలేదు.

ఎస్‌ఎంపీఎస్

గోడలో వచ్చే 230 వోల్టులను బోర్డుకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పెట్టె ఇది. కంప్యూటర్‌లో ప్రతి వస్తువూ దీని చేతి మీదే బతుకుతుంది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని తీసి పక్కన పెట్టండి. అలాంటివాటి మీద 450 వాట్లని రాసి ఉన్నా అంత ఇవ్వలేవు, పోయేటప్పుడు ఒంటరిగా పోవు.

కొనేటప్పుడు పెట్టె మీద మూడు విషయాలు చదవండి. ఒకటి, 80 ప్లస్ బ్రాంజ్ గానీ అంతకన్నా మంచి గుర్తు గానీ ఉందా. ఇది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే గుర్తే. నాణ్యతకు పూర్తి హామీ అనుకోకండి, కానీ అది కూడా లేనిదాన్ని అసలు తీసుకోకండి. రెండు, వారంటీ ఎన్నేళ్ళు. కంపెనీకే నమ్మకమున్న ఎస్‌ఎంపీఎస్‌కు ఐదేళ్ళు ఇస్తుంది. మూడోది మన పల్లెలకు చాలా ముఖ్యం, ఎవరూ చూడరు: ఇన్‌పుట్ వోల్టేజీ. కొన్నిటి మీద 200 నుంచి 240 అని, కొన్నిటి మీద 100 నుంచి 240 అని ఉంటుంది. పొలాల్లో మోటార్లు, రొయ్యల గుంటల మీద ఏరియేటర్లు ఒకేసారి తిరిగే వేళ మన వోల్టేజీ 180కి, ఇంకా కిందికి కూడా పడిపోతుంది. మొదటి రకం ఆ వేళ ఆగిపోతుంది, రెండో రకం నిలబడుతుంది. ఎప్పుడూ రెండో రకమే అడగండి.

ఎన్ని వాట్లు కావాలి? గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మను తయారుచేసే విడి కార్డు) లేని మామూలు కంప్యూటర్ పూర్తి బరువు మీద కూడా 150 వాట్లు దాటడం అరుదు. దానికి మంచి 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డు 115 వాట్లు, 5060 అయితే 145 వాట్లు తీసుకుంటుంది. వీటికి 550 వాట్లది పెట్టమని తయారీదారే చెబుతాడు. మా మేనల్లుడికి ఇప్పుడు కార్డు లేదు, రేపు కొంటాడు. అందుకే ముందుగానే 550 తీసుకున్నాం. నాసిరకం 750 కన్నా మంచి 550 వెయ్యి రెట్లు నయం.

యూపీఎస్, ఇంట్లో ఇన్వర్టర్

కరెంటు పోయినా కాసేపు బ్యాటరీ మీద నడిపే పెట్టె యూపీఎస్. దాని మీద రాసే వీఏ (వోల్ట్-ఆంపియర్), వాట్లు ఒకటే అనుకోకండి. బజారులో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు, ఒక మానిటర్‌కు అది చాలు. కార్డు పెడితే 1000 వీఏకి వెళ్ళండి. యూపీఎస్ ఉన్నది గంటలకొద్దీ పనిచేసుకోవడానికి కాదు. చేస్తున్న పని భద్రపరచి కంప్యూటర్‌ను మర్యాదగా ఆపడానికి అది ఇచ్చే పది నిమిషాలు చాలు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, యూపీఎస్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అందులో పెట్టండి, మారే సమయం తగ్గుతుంది. గోడ కరెంటు లాంటి నునుపైన కరెంటునిచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ ఏర్పాటు చాలావరకు పనిచేస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు పేచీ పెడతాయి, గుయ్‌మని శబ్దం చేస్తాయి, కొన్ని ఆగిపోతాయి.

ఉరుములు మెరుపులప్పుడు యూపీఎస్‌ను నమ్ముకుని కూర్చోకండి. ప్లగ్గు పీకండి. ఇంటర్నెట్ రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా పీకండి, పిడుగు ఆ దారిలోనూ వస్తుంది.

ప్రాసెసర్, బోర్డు: జంట కుదరాలి

మీరు చేసే పని రెండు వాక్యాల్లో రాసుకోండి. ఆన్‌లైన్ క్లాసులు, టైపింగు, ట్యాలీ, మీసేవ లాంటి పనులు అయితే ఇంటెల్ ఐ3-12100 గానీ, ఏఎండీ రైజెన్ 5 5600జీ గానీ చాలు. మొదటిదానికి 4 కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు), రెండోదానికి 6. రెండిట్లోనూ బొమ్మ చూపించే గ్రాఫిక్స్ లోపలే ఉంది, వేరే కార్డు అక్కర్లేదు. ప్రోగ్రామింగు, పెళ్ళి వీడియోల ఎడిటింగు, కాస్త ఆటలు కూడా కావాలంటే ఐ5-12400 గానీ, రైజెన్ 5 7600 గానీ చూడండి. రెండూ 6 కోర్లవే, రెండూ 65 వాట్ల తరగతివే. వాట్లు తక్కువైతే వేడీ తక్కువ, అందుకే వేడి ప్రాంతంలో ఈ 65 అంకె మనకు మేలు చేస్తుంది.

ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేదని అర్థం. కొంచెం చౌక అని తెలియక కొని, కంప్యూటర్ ఆన్ అయినా మానిటర్ మీద బొమ్మ రాక బెంబేలెత్తినవాళ్ళను చూశాను. ఏఎండీలో పాత 5600కు గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. 7600లో చిన్నది ఉంది.

ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ప్రాసెసర్, బోర్డు రెండూ ఒకే సాకెట్‌వి కాకపోతే ఎంత తోసినా కూర్చోదు. 5600జీకి ఏఎం4 బోర్డు, అంటే బీ450, బీ550 రకాలు. 7600కు ఏఎం5, అంటే బీ650, బీ850 రకాలు. ఇంటెల్ 12, 13, 14వ తరాలకు ఎల్‌జీఏ 1700, అంటే హెచ్610, బీ760 రకాలు. ఏఎం4లో డీడీఆర్4 ర్యామ్ (చేస్తున్న పనిని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ), ఏఎం5లో డీడీఆర్5 మాత్రమే పడుతుంది. ఎల్‌జీఏ 1700లో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, ఏది పడుతుందో బోర్డు పెట్టె మీద చూసి కొనండి. డీడీఆర్4, డీడీఆర్5 ముక్కల గాడులు వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి దిగదు.

మేనల్లుడికి 7600, బీ650 బోర్డు ఎంచుకున్నాం. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు 2027 వరకూ, ఆ తర్వాతా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఐ7, 16 జీబీ, లైట్లు వెలిగే కేబినెట్, చాలా చౌక" అని చూపిస్తే వెంటనే "ఎన్నో జనరేషన్?" అని అడగండి. చాలాసార్లు అది 2012లో వచ్చిన మూడో తరానిది, కొత్త చొక్కా తొడుక్కుని ఉంటుంది. ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరస కన్నా పాతవాటికి విండోస్ 11 అధికారికంగా లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పిల్లల చదువు కోసం అప్పుచేసి కొనే తల్లిదండ్రులకు దీన్ని కొత్తదని అంటగట్టడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు

ర్యామ్ 16 జీబీ ఉండాలి. ఒకే 16 ముక్క కన్నా రెండు 8 ముక్కలు తీసుకోండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది కాబట్టి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ వాడేవాళ్ళకు తేడా బాగా కనిపిస్తుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత డీడీఆర్4 ముక్కలు ఇంట్లో గానీ స్నేహితుడి దగ్గర గానీ ఉంటే, వాటికి సరిపోయే బోర్డు కొనడం ఇప్పుడు తెలివైన పనే. సెకండ్ హ్యాండ్‌లో నేను ధైర్యంగా కొనేది ర్యామ్ ఒక్కటే. వాడేసిన ఎస్‌ఎంపీఎస్, వాడేసిన హార్డ్‌డిస్కు ఎంత చౌకగా వచ్చినా వద్దు.

ఫైళ్ళన్నీ దాచుకునే ఎస్‌ఎస్‌డీలో ఎం.2 ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి. చూయింగ్ గమ్ రేకులా ఉంటుంది, 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు, నేరుగా బోర్డు మీదే పడుకుంటుంది. 500 జీబీ చాలు. మీ దగ్గరే పాత హార్డ్‌డిస్కు ఉంటే సినిమాలకు వాడుకోండి.

గ్రాఫిక్స్ కార్డు అవసరమైతేనే. ముందు కంప్యూటర్ బిగించి ఆరు నెలలు వాడండి, నిజంగా ఎక్కడ ఆగుతుందో అప్పుడు తెలుస్తుంది.

కేబినెట్, చల్లదనం

"మామా, ముందంతా అద్దం ఉండి లైట్లు వెలిగేది కావాలి" అన్నాడు వాడు. పక్కన అద్దం ఉంటే నాకు అభ్యంతరం లేదు. ముందు వైపు మాత్రం జల్లెడలా గాలి వెళ్ళే జాలీ ఉండాలి.

యూట్యూబ్‌లో కనిపించే పరీక్షలు ఎక్కువగా 22, 25 డిగ్రీల ఏసీ గదుల్లో చేసినవి. గాలితో చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడి కన్నా కిందికి దించలేదు. గది వేడి మీద ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్నదే దాని సామర్థ్యం. అక్కడ 25 డిగ్రీల గదిలో 75 చూపించిన ప్రాసెసర్, రోహిణీ కార్తెలో మన 40 డిగ్రీల గదిలో 90కి చేరుతుంది. 7600 హద్దు 95, ఆ పైన తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ఏ పరీక్షలో చూసిన అంకెకైనా 15 కలుపుకుని చూడండి. ఎడిటింగు లాంటి బరువైన పని గంటలకొద్దీ చేసేవాళ్ళు పెట్టెలో వచ్చే కూలర్ బదులు నిలువుగా ఉండే టవర్ ఎయిర్ కూలర్ పెట్టుకోండి. మిగతావాళ్ళకు పెట్టెలోదే చాలు. నీటి కూలర్లకు ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బు ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టండి.

గాలి ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి. ముందు ఫ్యాన్లకు దుమ్ము ఆపే ఫిల్టర్ ఉండి తీరాలి. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర ఉండేవాళ్ళు ఈ విషయంలో అసలు రాజీ పడొద్దు, ఆ సన్న పొడి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య గట్టిగా పేరుకుంటుంది. తలుపులున్న కంప్యూటర్ టేబుల్ అరలో కేబినెట్ పెట్టి మూసేస్తే పైన చెప్పిందంతా వృథా.

మీ బోర్డు సైజు కేబినెట్‌లో పడుతుందా, టవర్ కూలర్ ఎత్తు సరిపోతుందా, రేపటి కార్డు పొడవు పడుతుందా అనేవి కొనకముందే కేబినెట్ వివరాల్లో చూసుకోండి.

ఎక్కడ కొనాలి

ఆన్‌లైన్‌లో ఒక ధర, నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో ఒక ధర, చెన్నై అన్నాసాలై దగ్గరి రిచీ స్ట్రీట్‌లో ఒక ధర, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక ధర ఉంటాయి. రైలెక్కితే చెన్నై మనకు దగ్గరే. మొత్తం సామాను ఒకేసారి కొనేవాళ్ళకు ఆ ప్రయాణం గిట్టుబాటు అవుతుంది, ఒక్క ర్యామ్ కోసమైతే కాదు. నా పద్ధతి ఇది: ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎక్కడ తక్కువైతే అక్కడ. బోర్డు, ఎస్‌ఎంపీఎస్, మానిటర్ మాత్రం రేపు తీసుకెళ్ళి అడగగలిగే దుకాణంలో. ఐదొందలు ఎక్కువైనా సరే.

జీఎస్టీ బిల్లు లేకుండా ఏదీ కొనకండి. బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుందని ఆశ పెడతారు. బోర్డు పోయిన రోజున ఆ కాగితమే మీకు దిక్కు. పెట్టె మీది సీరియల్ నంబరు బిల్లులో రాయించండి. పార్శిల్ వస్తే విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయండి. ప్రాసెసర్ పెట్టె లేకుండా విడిగా ఇస్తానంటే తీసుకోకండి. పెట్టెతో వచ్చేదానికి మూడేళ్ళ కంపెనీ వారంటీ ఉంటుంది.

బిగించే రోజు

వేసవి అయితే తెల్లవారుజామున కూర్చోండి. నుదుటి చెమట బొట్టు బోర్డు మీద పడకూడదు. పరుపు మీద, దుప్పటి మీద కాదు, చెక్క బల్ల మీద. కావలసింది కొనకు అయస్కాంతం ఉన్న ఒక స్టార్ స్క్రూడ్రైవర్. స్క్రూలకు ఇడ్లీ ప్లేటు తెచ్చుకోండి, రకానికో గుంట. ఏ స్క్రూ అయినా వేళ్ళతో రెండు చుట్లు తేలిగ్గా తిరగకపోతే అది ఆ రంధ్రానిది కాదు. పని మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలో కేబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

మొదటి పని: ప్రాసెసర్. బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టండి. ఏఎం5, ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో వెంట్రుకల్లాంటి పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. వేలు తగిలితే వంగుతాయి, వంగితే వారంటీ పోతుంది. లీవర్ పైకి ఎత్తి, ఫ్రేమ్ తెరిచి, ప్రాసెసర్ మూల మీది త్రికోణం గుర్తు సాకెట్ గుర్తుకు ఎదురుగా ఉండేలా అంచులు పట్టుకుని దించండి. నొక్కకండి, తన బరువుకే కూర్చుంటుంది. లీవర్ వేసేటప్పుడు మాత్రం కాస్త గట్టిగానే నొక్కాలి, భయపడకండి. అప్పుడు ప్లాస్టిక్ మూత ఎగిరి బయటికొస్తుంది. దాన్ని దాచండి, వారంటీకి పంపేటప్పుడు ఆ మూత అడుగుతారు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, అక్కడ ప్రాసెసర్ కింద పడకుండా జాగ్రత్త.

రెండో పని: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడండి. గాడి చూసుకుని రెండు కొసలూ టక్‌మనే దాకా నొక్కండి. ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, చిన్న స్క్రూ బిగించండి. పైన హీట్‌సింక్ ఉంటే దాని అంటు మీది పలచటి ప్లాస్టిక్ కాగితం తీయడం మర్చిపోకండి.

మూడో పని: కూలర్. పెట్టెలో వచ్చే కూలర్ అడుగున బూడిదరంగు పేస్టు ముందే పూసి ఉంటుంది, ఇంకా పూయొద్దు. విడిగా కొన్న కూలర్ అయితే ప్రాసెసర్ మధ్యలో బఠానీ గింజంత పేస్టు చాలు. ఏఎండీ బోర్డు మీద ఉన్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పి, ఆ రంధ్రాల్లోనే కూలర్ స్క్రూలు బిగించాలి. ఏఎం4లో బ్రాకెట్లు విప్పగానే వెనక రేకు ఊడి పడుతుంది, చేత్తో పట్టుకోండి. ఏఎం5లో అది ఊడదు. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా తిప్పండి. ఇంటెల్ కూలర్‌కు స్క్రూల బదులు తోసే పిన్నులుంటాయి. నాలుగూ బోర్డు వెనక వైపుకు వచ్చాయో లేదో తిప్పి చూడండి. ఒకటి సగమే దిగిందంటే ప్రాసెసర్ వేడెక్కిపోతుంది. ఫ్యాను వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టండి.

నాలుగో పని చాలామంది చేయరు, నేను వదలను. కేబినెట్‌లో పెట్టకముందే పరీక్షించండి. బోర్డు అట్టపెట్టె మీద ఉండగానే ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల వైరు పెట్టి, మానిటర్ తగిలించి, బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. బొమ్మ వస్తే సామాన్లన్నీ మంచివే. బొమ్మ రాకపోతే ఇప్పుడే, అన్నీ బయట ఉండగానే తప్పు వెతకడం తేలిక. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ర్యామ్‌ను అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మా వాడికి మూడు నిమిషాలకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పది నిమిషాలు ఆగకుండా స్విచ్ కట్టేయకండి.

ఐదో పని: కేబినెట్‌లోకి. ప్లగ్గు పీకేశాక, కేబినెట్ వెనక వైపు పెట్టే, వైర్లు తగిలించే రంధ్రాలున్న రేకు విడిగా వస్తే దాన్ని ముందు బిగించండి. బోర్డు రంధ్రాలకు సరిగ్గా కిందే ఇత్తడి బొడిపెలు ఉండాలి. ఒక బొడిపె రంధ్రం లేని చోట మిగిలిపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది, దాన్ని తీసేయండి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను కేబినెట్ అడుగు జాలీ వైపు ఉండాలి. వైర్లు ఊడదీసి మార్చుకునే ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన వైర్లే వాడండి. ఇంకో కంపెనీ వైరు చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి వరస వేరు, పెడితే సామాన్లు కాలిపోతాయి.

ముందు బటన్ల సన్నని వైర్లు అందరినీ తికమక పెడతాయి. బోర్డు పుస్తకంలో ఆ పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. స్విచ్ వైర్లు ఎటు పెట్టినా పనిచేస్తాయి. లైట్ల వైర్లకు మాత్రం ప్లస్, మైనస్ చూడాలి.

కార్డు పెట్టేవాళ్ళు మానిటర్ వైరును బోర్డుకు కాకుండా కార్డుకే తగిలించాలి.

వెలిగాక

ఆన్ చేయగానే డిలీట్ బటన్ నొక్కుతూ ఉంటే బయోస్ (బోర్డు సొంత సెట్టింగుల తెర) తెరుచుకుంటుంది. ప్రాసెసర్ పేరు, ర్యామ్ మొత్తం, ఎస్‌ఎస్‌డీ కనిపిస్తున్నాయా చూడండి. ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగును, అంటే ఏఎండీలో ఎక్స్‌పో, ఇంటెల్‌లో ఎక్స్‌ఎంపీ, ఆన్ చేయండి. లేకపోతే 6000 వేగానికి డబ్బు కట్టి కొన్న ర్యామ్ 4800 వేగంతోనే నడుస్తుంది. బొమ్మ రాకపోతే బోర్డు అంచున సీపీయూ, డీరామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న దీపాల్లో ఏది ఆగి వెలుగుతుందో చూడండి, చాలా బోర్డులకు ఇవి ఉంటాయి. డీరామ్ అయితే ఒక్క ముక్కే పెట్టి ప్రయత్నించండి. పదిలో ఎనిమిదిసార్లు ర్యామ్ పూర్తిగా దిగకపోవడమే కారణం.

విండోస్ కోసం వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయండి. బోర్డు వైఫై డ్రైవర్ కూడా అందులో వేసుకోండి, లేకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి నెట్ ఇవ్వండి. దొంగ విండోస్ వేయించుకోకండి. దాన్ని నడిపించే ప్రోగ్రాములు భద్రతను ముందే ఆపేస్తాయి. లైసెన్సుకు డబ్బు లేకపోతే ఉబుంటు 24.04 ఉచితం, చదువుకు, ప్రోగ్రామింగుకు చక్కగా సరిపోతుంది.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాములో వేడి చూస్తూ, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్‌ను పది నిమిషాలు నడపండి. ఈ పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకు చేయండి, పొద్దున చేస్తే ఉపయోగం లేదు. మా వాడిది 87 దగ్గర నిలిచింది. మీది 95కు అతుక్కుని కదలకపోతే కూలర్ విప్పి మళ్ళీ బిగించండి.

కేబినెట్ వెనక వాడని స్లాట్ల రేకులు పారేయకుండా అన్నీ మూసి ఉంచండి. ఆ సందులోంచి బల్లి దూరి బోర్డు మీద చచ్చిన కేసులు రెండు చూశాను. సముద్రం దగ్గర ఇళ్ళలో వానాకాలంలో కంప్యూటర్‌ను వారాల తరబడి ఆపి పెట్టకండి. రెండు రోజులకోసారి అరగంట నడిపితే ఆ వెచ్చదనానికి లోపలి తేమ ఆరి, రాగి మీద చిలుము పట్టదు. ఫోటోలు ఎప్పుడూ రెండు చోట్ల ఉంచండి, రెండోది ఈ కంప్యూటర్‌లో ఉండకూడదు.

ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి, ప్లగ్గు పీకి కేబినెట్‌ను వరండాలోకి తెచ్చి పక్క తలుపు విప్పండి. ముందు ఫిల్టర్ నీళ్ళలో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితో ఆపి పట్టుకోండి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. ఎస్‌ఎంపీఎస్‌ను బయటి నుంచే ఊదండి, దాని పెట్టె మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.